గర్భసంచి జారుట

ఈ పూట ముచ్చట పంటను గురించి కాదు. నాట్లు వేసే, పత్తి ఏరే ఆడవారిని గురించి. మగవారు లేచి పోవద్దు, సగం మాట మీకే.

మన మంచిర్యాల పల్లెల్లో ఎద్దు కుంటితే ఆ పొద్దే పశువుల డాక్టరుకు చూపుతాము. ఇంటామె ఏండ్ల తరబడి ఓర్చుకొనే ఈ బాధ మాత్రం పెనిమిటికి కూడ తెలియదు.

నులకమంచానికి నులక ఎట్లనో, గర్భసంచికీ మూత్రసంచికీ అడుగున కండరాలు అట్లా. కాన్పులలో అవి సాగుతవి, ముట్లు ఆగినంక మరింత సడలుతవి. బరువులు, మానని దగ్గు, మలబద్ధకం తోడైతే సంచి కిందికి దిగును. యూరియా బస్తా 45 కిలోలు. బాలెంత చేత దాన్ని ఎత్తించే పని ఏమున్నది?

పొద్దుగూకేసరికి కింద బరువుగా, ఏదో జారినట్టు ఉండి, పడుకుంటే తగ్గుతుంది. దగ్గినా తట్ట ఎత్తినా మూత్రం పడుతుంది. ఆ భయానికి చేనులో నీళ్లు తాగడం మానేస్తారు. దానితో మూత్రంలో మంట మొదలగును.

మొదట్లోనే చూపించుకొంటే చాలామందికి ఆపరేషన్ అక్కరలేదు. 1948లో కెగెల్ అనే అమెరికా డాక్టరు ఒక వ్యాయామాన్ని వివరించినాడు. మూత్రం ఆపుకొన్నట్టు లోపలి కండరాలను పైకి బిగించి, కొన్ని సెకండ్లు పట్టి, వదలవలెను. ఊపిరి బిగబట్టరాదు. పూటకు 8 లేక 10 మార్లు, దినానికి 3 పూటలు, కనీసం 3 నెలలు. మూత్రం పోస్తూ మాత్రం చేయరాదు. అలవాటైతే కలుపు తీస్తూ చేసినా పక్కామెకు తెలియదు! దీనితో చాలకపోతే డాక్టరు లోపల సిలికాన్ రింగు అమర్చుతారు.

“సంచి తీసేస్తే పీడ పోతుంది” అనే మాటకు తొందరపడకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచి తీయించుకొన్న స్త్రీల పాలు దేశ సగటుకు రెట్టింపు మించి ఉన్నది. అన్నీ అక్కరలేనివని నేననను. కాని సంచి తీసి, సడలిన చోటును బాగుచేయకపోతే జారుడు మళ్లీ రావచ్చు. సంచిని ఉంచి పైకి కట్టే ఆపరేషన్లు కూడ ఉన్నవి. అడిగి తెలుసుకోండి.

ముందు ఆశ కార్యకర్తకో, ఏ.ఎన్.ఎం.కో చెప్పండి, వారు ప్రభుత్వాసుపత్రి స్త్రీల డాక్టరు వద్దకు పంపుతారు. సింగరేణి కుటుంబాలకు కంపెనీ ఆసుపత్రులున్నవి. మూత్రం బొత్తిగా ఆగితే ఆ రోజే పోవలెను. ముట్లు ఆగినంక రక్తం కనిపించినా, జారిన భాగం పుండైనా ఆలస్యం చేయరాదు.

ఆపరేషనే తప్పకపోతే నాట్ల ముందు పెట్టుకోవద్దు. తర్వాత కొన్ని వారాలు, డాక్టరు సరే అనేదాకా, బరువు ఎత్తరాదు. అన్నాళ్లు నీళ్లబిందె ఎవరు మోస్తారో, గొడ్లకు మేత ఎవరు వేస్తారో తారీఖు ఖాయం చేసుకొనే ముందే ఇంట్లో తేల్చుకోండి.