ఉగాది బంతి, వదినె మొక్కు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం ఉగాది విందులో యింతవరకు మాంసం వండలేదు. పోయిన యేడు ఒక యువకుడు లేచి, "యిక్కడ కూర్చున్నవారిలో చాలామంది యింట్లో మాంసం తినేవారే గదా, పందిట్లో యీ దాపరికమెందుకు?" అని అడిగాడు. కొందరు నవ్వారు, కొందరు కసిరారు. జవాబు మాత్రం యెవరూ చెప్పలేదు. ఆ బాకీ తీర్చమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. నేను శాస్త్రాలు చదివినవాణ్ణి కాను. విరుదునగరంలో మిరపకాయలు, అపరాల వ్యాపారం చేస్తూ ముసలివాణ్ణయ్యాను.

మన పూర్వులు తెలుగుసీమ విడిచి వచ్చి దిగిన యీ కోవిల్పట్టి నల్లరేగడి వానను నమ్ముకున్న నేల. సజ్జ, జొన్న, మినుము, పత్తి. వాన తప్పితే కొట్టంలోని కన్నిమేకే దిక్కు. ముఖాన తెల్లచారలున్న ఆ నల్లమేకను మీలో యెరగనివారుండరు. బడి పుస్తకాలకూ, ఆసుపత్రి ఖర్చుకూ, పిల్ల పెండ్లికీ అదే బ్యాంకు. మా చిన్నతనంలో మాంసం యేడాదికి మూడు నాలుగు మార్లు. తినేవాడు ఆ మేకకు ఆకు కోసి వేసినవాడే. నేడు విరుదునగరంలో నూనె పరోటా, మటన్ సాల్నా యే సాయంత్రమైనా దొరుకుతుంది. తప్పుపట్టడం లేదు, నేనూ తిన్నవాణ్ణే. కాని ఆ మేక యెవరిదో, యెట్లా పెరిగిందో నాకు తెలియదు.

జంతువులను, పక్షులను బలియివ్వరాదని 1950లో మద్రాసు రాష్ట్రంలో ఒక చట్టం చేశారు. చాలాకాలం అది కాగితం మీదనే వున్నది. 2003 ఆగస్టులో జయలలితగారి ప్రభుత్వం దాన్ని గట్టిగా అమలు జరపమన్నది. ఆ యేడే మా వూరి దేవతకు కొడై జాతర. కొడుకు జ్వరాన పడినప్పుడు మొక్కుకుని మా వదినె ఒక పోతును మూడేళ్ళు పెంచింది. పోలీసుల భయానికి పోతుకు బదులు గుమ్మడికాయ కొట్టారు. నెత్తురు చూడనక్కరలేదు గదా అని నాకు లోలోపల సంతోషమే. రెండు వారాల తరువాత ఆ పోతును యెట్టయాపురం మేకల సంతకు తోలారు. సంతలో కొన్నవాడు దాన్ని పెంచుకోవడానికి కొనలేదు.

ఆ రాత్రి వదినె అన్నం ముట్టలేదు. "దేవతకిస్తే తప్పు, దుకాణానికిస్తే ఒప్పా, మరిదీ?" అన్నది. 2004 ఫిబ్రవరిలో ఆ చట్టాన్నే రద్దు చేశారు. వదినెకు నేను చెప్పవలసిన జవాబు మాత్రం అట్లాగే వుండిపోయింది. బహిరంగంగా కోసే పేదవాడి కత్తి కనబడినట్లు దుకాణం వెనుక కత్తి కనబడదు. జాలి చూపితే రెండింటి మీదా చూపాలి.

తరువాత వదినె మనుమరాలి సంగతి. పన్నెండో యేట, తాను చేతులారా పాలు పట్టిన పిల్లను అమ్మేసిన నాటినుండి మాంసం మానేసింది. నేను నోరు జారి, "ఏమే, పెద్దకులం దానివై పోయావా?" అన్నాను. దానికి కారణం లేకపోలేదు. మా అబ్బాయి మద్రాసులో యిల్లు వెతుక్కుంటూ వుంటే "శాకాహారులకు మాత్రమే" అని తలుపు వేసుకున్నవారు యిద్దరు ముగ్గురు. నాకు శాకాహారమంటే ఆ మూసిన తలుపే జ్ఞాపకం వచ్చేది. పిల్ల మాత్రం, "తాతా, నేను తినను. నిన్ను మానమన్నానా?" అన్నది. సిగ్గుపడ్డాను. మడి వేరు, దయ వేరు. తిరుక్కురళ్ ఇరవైయారవ అధ్యాయమంతా మాంసం మానడం గూర్చే. వళ్ళలారు మాంసం మానమని బోధించారు. 1867లో వడలూరులో ఆయన తెరచిన ధర్మశాలలో మాత్రం ఆకలిగొన్నవానిని కులమడగలేదు.

మన విరుదునగరంలో పుట్టిన కామరాజుగారు 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం విస్తరింపజేశారు. 1989లో అందులోకి గ్రుడ్డు వచ్చింది. 2010లో వారానికి అయిదు గ్రుడ్లయినాయి; తినని పిల్లలకు అరటిపండు. గ్రుడ్డు తినేవాడూ పండు తినేవాడూ ఒకే బంతిలో కూర్చుంటున్నారు. పేదపిల్లవాడి చేతిలోని గ్రుడ్డును లాక్కునే ధర్మం నాకు వద్దు.

కనుక ఆ యువకుడికి నా మాట: ఉగాదినాడు యిక్కడ మాంసం లేనిది అది నీచమని కాదు. యీ పూట అందరి చెయ్యీ అందరి విస్తట్లో పడాలని. కన్నడసీమలో ఉగాది మర్నాడు హొసతొడకు అని మాంసం వండుకుంటారు. మీ యిండ్లలో మీరు వండుకోవచ్చును, యెవరూ తొంగిచూడరు. పెద్దలు కూడా, "మేము ముట్టము" అని ప్రక్కవాడు వినేటట్లు చెప్పడం మానాలి. యీ రెండోది నాకు మొదటిదానికన్న ముఖ్యం.

పోయిన కొడైలో మా యింటి పోతును కోశారు. పిల్ల పొంగలి మాత్రమే తిన్నది. వదినె తన విస్తరి తెచ్చి దాని ప్రక్కనే వేసుకున్నది. వారిద్దరూ యిప్పుడు వెనుక వరుసలో వేపపువ్వు దూస్తున్నారు. పచ్చడి సిద్ధమైనట్లున్నది, నేను కూర్చుంటాను.