ఇంజిన్ మౌంటింగ్ తెగితే

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ వణుకుతోందా? రివర్స్ వేయగానే కింద ఠంగుమంటోందా? మెకానిక్‌కి ఇంజిన్ మౌంటింగులు చూపించండి. ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు, ఇనుప దిమ్మలివి. చాలా కార్లలో మూడో నాలుగో ఉంటాయి. వేడికి, కారే ఆయిల్‌కి రబ్బరు పాడై ఇనుము నుంచి ఊడిపోతుంది.

ఒకటి పోతే ఆ భారం మిగతావాటి మీద పడుతుంది. అక్కడితో ఆగితే బాగుండు! యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ ఓ పక్కకు ఎగిరి రేడియేటర్ గొట్టాలను, వైర్లను లాగుతుంది. సైలెన్సర్ పైపు ముందుభాగంలో వంగడానికి వీలుగా ఉండే అల్లిక గొట్టం చిట్లుతుంది. చాలామంది ఆ గొట్టమొక్కటే మార్పించి ఊరుకుంటారు. మౌంటింగ్ మార్చకపోతే కొత్తదీ చిట్లుతుంది.

బానెట్ తెరిచి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, గేరు వేసి క్లచ్ కొద్దిగా వదిలి చూడమనండి. ఇంజిన్ ఎంత ఎగురుతోందో కనిపిస్తుంది. కారుకు ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడకూడదు.