నశించిన ప్రతులకును లెక్క కావలయును
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి మన విషయము పొగాకు పైరునకు వచ్చు మొజాయిక్ తెగులు. వర్తకులమైన మాకు శాస్త్రముతో పనియేమని కొందరడుగవచ్చును. నిజమునకు ఇది లెక్కల విషయము. అందుచేతనే మాటలాడ సాహసించుచున్నాము.

ఈ తెగులునకు కారణము ఒక వైరసు. 1935 లో అమెరికాలో స్టాన్లీగారు దీనిని స్ఫటికరూపమున వేరుపరచిరి. దీని వంశలేఖనము ఆర్.ఎన్.ఏ. అను పదార్థము, అందు సుమారు 6,400 అక్షరములు కలవు. వైరసు ఆకు కణమున ప్రవేశించి, తన లేఖనమునకు లెక్కలేనన్ని ప్రతులు తీయించుకొనును. చిట్టానుండి ఆవర్జాకు పద్దులెత్తి వ్రాయు గుమాస్తా మరల సరిచూచుకొనును. ఈ ప్రతులను తీయు ఎంజైమునకు అట్లు సరిచూచు శక్తి లేదు. కావున తప్పులు దొర్లును. వీనినే ఉత్పరివర్తనములందురు.

ఒక్క పర్యాయము ప్రతి తీయునప్పుడు ఎన్ని తప్పులు పడును? ఇది తెలియుట వ్యవసాయమునకు మిక్కిలి అవసరము. తెగులును తట్టుకొను వంగడమును ఎంత శ్రమించి తయారుచేసినను, ఇట్టి తప్పుల మూలమున పుట్టిన క్రొత్త రకపు వైరసు దానిని జయింపవచ్చును.

లెక్కించుటలో ఒక చిక్కు కలదు. తప్పు పెద్దదైనచో ఆ ప్రతి నశించును. మిగిలిన వానినే లెక్కించినచో తప్పులు తక్కువగా కనబడును. చెడిన పుటలను చింపి పారవైచి, ఉన్న పుటలను చూచి గుమాస్తాను మెచ్చుకొన్నట్లుండును.

2002 లో గార్సియా-అరెనాల్, డ్రేక్ ప్రభృతులు దీనికొక ఉపాయము పన్నిన పరిశోధనను ప్రకటించిరి. వైరసు ఒక కణమునుండి ప్రక్క కణమునకు పోవుటకు ఒక ప్రోటీను కావలయును. ఆ ప్రోటీను జన్యువు 804 అక్షరముల పొడవు. అది చెడినచో వైరసు మొదటి కణముననే చిక్కుకొనును. వారు ఆ ప్రోటీనును తామే సమకూర్చు పొగాకు మొక్కలను తీసికొని, వానిలో వైరసును పెంచిరి. అందుచే చెడిన ప్రతులును బ్రదికినవి. పిదప ఒక్కొక్క ప్రతి సంతతిని వేరుచేసి పరీక్షింపగా, మొక్క సాయము లేక వ్యాపింపజాలనివి బయటపడినవి.

అట్టివి నూటికి 2 మొదలు 5 వరకుండెను. అయితే ఇది పలుమారులు ప్రతులు తీయగా పేరుకొన్న మొత్తము; ఒక్క పర్యాయమునకు పడు తప్పులను దీనినుండి గణించి తీయవలయును. అట్లు తీసిన రేటు, జంతువుల ఆర్.ఎన్.ఏ. వైరసులకు అంతకుముందు కట్టిన అంచనాలలో దిగువ భాగమున నిలిచినది.

మరియొక వింత కలదు. చెడిన ప్రతుల అక్షరములు చదివి చూడగా, నూటికి 35 ప్రతులలో రెండు లేక అంతకు మించిన తప్పులు కనబడెను. తప్పులు అన్ని ప్రతులకు సమముగా పడుచున్నచో ఇట్లుండదు. గుమాస్తాలలో అజాగ్రత్తపరులున్నట్లే, ఎంజైములలోను ఎక్కువ తప్పులు చేయునవి కొన్ని ఉండవచ్చునని వారూహించిరి.

మన సంఘమునకును ఇందొక పాఠము కలదు. తెలుగు తరగతులలో ఉత్తీర్ణులైన పిల్లల సంఖ్యను ఏటేట చదివి సంతోషించుచున్నాము. నడుమ మానివేసినవారి పద్దు మన పుస్తకమున లేదు. రాబోవు సంవత్సరమునుండి దానిని వ్రాయుదము. ఎవరిని తప్పుపట్టుటకును కాదు. నష్టమెంతయో తెలియనిదే దానిని పూడ్చుకొను దారి తెలియదు.