ఊరూరా తిరిగిన నాటకశాల



ఈ రోజు ఒక పాత నాటకశాల గురించి చెబుతాను. నాటకశాల అంటే పెద్ద గోడలు, పెద్ద తలుపులు అనుకుంటాం. దీనికి అవేమీ లేవు. ఇది ఒకచోట ఉండేది కాదు. ఇప్పుడు ఈ ఊళ్ళో ఉంటే, కొన్నాళ్ళకు ఇంకో ఊళ్ళో ఉండేది. అదే సురభి నాటకశాల.

కడప జిల్లాలో సురభి అని ఒక ఊరుంది. 1885లో అక్కడ వనారస గోవిందరావు గారి కుటుంబం 'కీచక వధ' నాటకం ఆడింది. ఆ ఊరి పేరే వాళ్ళకు ఇంటిపేరులా నిలిచిపోయింది. అంతకుముందు వాళ్ళది తోలుబొమ్మలాట. మీలో పెద్దవాళ్ళు బొమ్మలాట చూసే ఉంటారు. తెర వెనక మగవాళ్ళు, ఆడవాళ్ళు కలిసి ఆడిస్తారు. సీత మాట ఆడమనిషి పలుకుతుంది, పాట పాడుతుంది. ఆమె ముఖం మాత్రం మనకు కనపడదు.

నాటకాల్లో అప్పట్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్ళే వేసేవారు. ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు అంతే. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంతో ఎంత పేరు తెచ్చుకున్నారో! ఆయన గొప్ప నటుడు, కాదనను. కానీ సంసారి ఆడది వేషం కడితే లోకం వేలెత్తి చూపేది. సురభి వాళ్ళు దాన్ని లెక్కచెయ్యలేదు. తమ ఇంటి ఆడవాళ్ళకే వేషాలిచ్చారు. ద్రౌపది వేషమే కాదు, కృష్ణుడి వేషం కూడా ఆడవాళ్ళు వేశారు.

ఇది వాళ్ళకు ఎలా కుదిరింది? ఆ నాటకశాల ఎలా ఉండేదో చూస్తే తెలుస్తుంది.

ముందు ఖాళీ స్థలం చూసుకుంటారు. గుంజలు పాతుతారు. చుట్టూ, పైన రేకులు కప్పుతారు. ఒక పక్క చెక్కలు పరిచి ఎత్తుగా వేదిక కడతారు. తెరలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒకదాని మీద రాజుగారి కొలువు, ఒకదాని మీద వీధి, ఇంకోదాని మీద అడవి. అన్నీ రంగులతో రాసిన బొమ్మలే. తాడు లాగితే తెర చుట్టుకుని పైకి పోతుంది. వీధి పోయి అడవి వస్తుంది!

'మాయాబజారు'లో మనుషులు గాలిలో ఎగురుతారు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. రెండు బాణాలు గాలిలో ఢీకొంటాయి. మంత్రం ఏమీ లేదు. సన్నని తీగ, బావి గిలక లాంటి గిలక, వెనక తాడు పట్టుకున్న మనిషి. అంతే. చూస్తున్నప్పుడు మాత్రం తీగ సంగతి గుర్తే రాదు.

వేదిక వెనకే వాళ్ళ కాపురం. అక్కడే పొయ్యి, అక్కడే పిల్లలు. అక్కడే ముఖానికి రంగు. ఇంటికీ పనికీ మధ్య గడప లేదు. అందుకే ఆడవాళ్ళు ఇల్లు వదిలి రావలసిన పని లేకపోయింది. ఆడ, మగ, పిల్లా జెల్లా అందరిదీ ఒకే పని. సుఖమైన బతుకని మాత్రం నేననను. వాన పడితే ఆట లేదు. ఆట లేకపోతే కూడు కష్టం. ఊరు మారినప్పుడల్లా పిల్లల బడి కూడా పోయేది. పద్యాలు విని విని నోటికి పట్టేవారు.

1932లో మొదటి తెలుగు మాటల సినిమా 'భక్త ప్రహ్లాద' వచ్చింది. అందులో ప్రహ్లాదుడి తల్లి లీలావతి ఎవరనుకున్నారు? సురభి కమలాబాయి గారు. తెలుగు మాటల సినిమాకు మొదటి కథానాయిక ఈ రేకుల నాటకశాల నుంచే వెళ్ళింది. చిత్రమేమంటే, తరువాత ఈ నాటకాలకు జనం తగ్గడానికి ఒక కారణం ఆ సినిమాలే. ఆ తరువాత టీవీ కూడా వచ్చింది.

అయినా కొన్ని కుటుంబాలు వదల్లేదు. వాళ్ళలో ఒకరు, బాబ్జీ అని అందరూ పిలిచే నాగేశ్వరరావు గారు. ఆయనకు 2013లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2022లో ఆయన చనిపోయారు.

సురభి నాటకం మీ దగ్గరికి వస్తే పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. బయట బోర్డు మీద నాటకం పేరు ఉంటుంది. దాన్ని మీరే చదివి పిల్లలకు చెప్పండి.