కొండనీరు పడదను మాట

సీతంపేటకు ఉద్యోగముపై వెళ్లెడివారికి పల్లపు గ్రామములలోని బంధుమిత్రులు మొట్టమొదట చెప్పెడి హితవు ఒకటి కలదు: "అక్కడి నీళ్లు పడవు సుమా!" పాలకొండ దాటి కొండలు దగ్గరగు కొలది బస్సులోని తోటి ప్రయాణికులును ఈ మాటనే వల్లింతురు. మేము శబ్దగ్రహణ సామగ్రితో ఆ ప్రాంతమునకు వెళ్లినప్పుడు ఈ హితవును శిరసావహించి, కాచి చల్లార్చిన నీటిని సీసాలనిండ తీసికొనిపోతిమి. దోమతెరలను మాత్రము ఇంటివద్దనే వదలితిమి. చీకటిపడిన పిమ్మట వాగు చేరువనున్న బసలో, వసారాపై కూర్చుండి, కాళ్లు చేతులు గోకికొనుచు, కొండనీటి దోషములను గూర్చియే చాలసేపు మాటలాడితిమి. ఇప్పుడు తలచుకొన్న నవ్వు వచ్చుచున్నది. మాకు జ్వరము రాలేదు; అది మా అదృష్టమే కాని మా సీసాల మహిమ కాదు.

మన్యపు జ్వరమనియు, చలిజ్వరమనియు మనవారు పిలిచెడి మలేరియాకు కొండనీరు త్రాగుటయే కారణమని తరతరములుగా నమ్మినారు. పాశ్చాత్యులదియు ఇంతకంటె మెరుగైన ఊహ కాదు. మలేరియా అను పేరునకు ఇటలీ భాషలో చెడుగాలి యని అర్థము. వారు గాలిని నిందించిరి, మనము నీటిని నిందించితిమి.

ఈ జ్వరము తెలుగు భాషాచరిత్రలో కూడ ఒక గుర్తు విడిచినది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చుకొనుటకై వారి కొండగూడెములలో తిరిగిరి. 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినది వారే. ఆ సంచారములో వారికి చలిజ్వరము తగులుకొన్నది. విడువక క్వినైను సేవించిరి. జ్వరము పోయినది గాని, దానితోపాటు వినికిడియు పోయినది. క్వినైను మోతాదు మించిన చెవిలో హోరు పుట్టుటయు, వినికిడి తగ్గుటయు వైద్యులెరిగినదే. పలుకు పలుకును చెవితో పట్టి వ్రాసికొనెడి భాషావేత్తకు ఇంతకంటె పెద్ద నష్టము ఏముండును? వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని కథను మేమిట్లు గ్రాంథికపు వాసన గల మాటలలో చెప్పుట వారికి నచ్చియుండెడిది కాదేమో, శ్రోతలు మన్నింతురుగాక.

పంతులుగారు కొండలలో తిరుగుచుండిన ఆ తరములోనే, తెలుగునేలమీదనే, ఈ జ్వరపు చిక్కుముడి విడిపోయినది. సికిందరాబాదులో సైనికవైద్యుడుగా నున్న రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించుచు, అందు మలేరియా క్రిమికి గుర్తైన నల్లని రేణువులు గల కణములను చూచెను. ఆ దోమలచే కుట్టించుకొనుటకు ఒప్పుకొన్న జ్వరపీడితుడు దోమకొక అణా చొప్పున పుచ్చుకొన్నాడట. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించినది. అణాలు పుచ్చుకొన్నవానిని లోకము మరచినది.

అట్లయిన కొండనీటిని గూర్చిన నమ్మకము ఉత్త భ్రమయేనా? మేము అట్లనము. దోమలన్నియు మురికికాలువలలో పుట్టునవి కావు. తూర్పు కనుమలలో మలేరియాను వ్యాపింపజేయు ముఖ్యమైన దోమలలో అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనునది ఒకటి. లాటిను భాషలో ఆ రెండవ మాటకు ఏటికి సంబంధించినదని అర్థము. పేరులోనే ఏరున్నది. నెమ్మదిగా పారెడి కొండవాగుల అంచులందు, గడ్డి పెరిగిన చోట, ఊటల ప్రక్కన ఇది గ్రుడ్లు పెట్టును. వానలు వెనుకబట్టి, వాగు సన్నగిల్లి, నీరు తేటపడిన రోజులు దీనికి అనువైనవి. అద్దమువలె నున్నదని మనము మెచ్చుకొను నీరే దానికి పురిటిల్లు. కావున కొండనీటికిని జ్వరమునకును సంబంధము కలదని పెద్దలు కనిపెట్టిన మాట నిజము. ఆ నీటివలని కీడు నోటిగుండ కాక దోమగుండ మనలను చేరుచున్నదని మాత్రము వారికి తెలియలేదు. సూక్ష్మదర్శిని లేని కాలమున అంతవరకు గ్రహించుటయే గొప్ప.

అయితే ఆ చిన్న పొరపాటే ప్రాణముమీదికి తెచ్చును. నీటిని కాచి త్రాగిన అతిసారము, టైఫాయిడు, నీటివలన వచ్చెడి కామెర్లు తగ్గును. కాచుట మంచిదే, మానరాదు. మలేరియా మాత్రము దానివలన తగ్గదు. ఈ దోమ కుట్టునది రాత్రివేళ. దానికి మందు పట్టించిన దోమతెర కావలెను. జ్వరము వచ్చిన నాడే రక్తపరీక్ష కావలెను. నేడు గూడెములలో పనిచేయు ఆశా కార్యకర్త వేలినుండి ఒక రక్తపుబొట్టు తీసి పరీక్షపట్టీపై వేసినచో, సుమారు ఇరువది నిమిషములలో సంగతి తేలిపోవును. "నీరు పడలేదు, రెండు రోజులలో సర్దుకొనును" అని ఊరకుండిన ఆ రెండు రోజులే కొన్నిసార్లు మెదడువరకు ప్రాకెడి జ్వరమునకు చాలును.

చేదుగా నున్నదెల్ల జ్వరమునకు మందే యను నమ్మకమును ఇక్కడనే చెప్పవలెను. నేలవేము కషాయము చేదు, క్వినైనును చేదు. కాని జ్వరమును కుదిర్చినది చేదు కాదు, సింకోనా బెరడులోని ఒక పదార్థము. నాటుమందులన్నియు వ్యర్థమనియు మా భావము కాదు. నేడు మలేరియాకు ముఖ్యమైన మందగు ఆర్టెమిసినిన్‌ను చైనా దేశపు శాస్త్రజ్ఞురాలు టూ యూయూ ఒక పాత వైద్యగ్రంథములోని సూచననుబట్టియే కనుగొన్నది. మరగబెట్టుమని కాక, నీటిలో నానబెట్టి పిండవలెనని ఆ గ్రంథమున నున్నదట. వేడికి గుణము చెడునని ఆమెకు అప్పుడు స్ఫురించినది. 2015లో ఆమెకును నోబెల్ బహుమానము వచ్చినది. పాతమాటను ఆమె నమ్మి ఊరకుండలేదు, నవ్వి పారవేయను లేదు, పరీక్షించి చూచినది.

ఇంతవరకు పల్లమువారు కొండను గూర్చి నమ్మిన మాట. కొండమీదను మన ఇండ్లలోను ఒకేవిధముగా చెల్లుబాటగుచున్న నమ్మకములు మరికొన్ని కలవు. మా దృష్టిలో ఇవి ఎక్కువ హానికరము. ఏలయన ఇవి అందరికంటె తిండి అవసరమైనవారి విస్తరినుండియే తిండిని తీసివేయుచున్నవి.

గర్భిణి ఎక్కువ తినిన బిడ్డ లావై కాన్పు కష్టమగునను మాట గూడెములలోనే కాదు, రేడియో మ్రోగెడి మన లోగిళ్లలోను అత్తగార్ల నోట వినబడుచుండును. దీనిని మూఢనమ్మకమని కొట్టివేయుటకు ముందు ఒక్క క్షణము ఆగవలెను. బాటలేని కొండగూడెమున కాన్పు కష్టమైన, ఆ తల్లిని కర్రకు కట్టిన డోలీలో పడుకొనబెట్టి మనుషులు భుజములపై మోసికొని దిగవలెను. వాగు పొంగిన ఆ దారియు లేదు. అట్టి చోట బిడ్డ చిన్నదిగా నుండవలెనని కోరుకొన్న తల్లి తెలివితక్కువది కాదు. ఆసుపత్రి దూరమును ఆమె సరిగనే లెక్కవేసికొన్నది. లెక్క తప్పినది మరియొక చోట. అరకడుపు తిండివలన చిక్కిపోవునది బిడ్డ మాత్రమే కాదు, తల్లియు చిక్కిపోవును. రక్తము తగ్గిన తల్లి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావమునైనను తట్టుకొనలేదు. రెండున్నర కిలోలకు తక్కువ తూగిన బిడ్డ చలికిని అంటుజాడ్యములకును సులభముగా లొంగిపోవును. కాబట్టి తినుమని బోధించుటతో మన పని తీరదు. డోలీ అవసరము లేకుండ చేయుటయు అందులో భాగమే. కాన్పు గడువుకు ముందే గర్భిణులను ఆసుపత్రి దాపునకు చేర్చి ఉంచెడి వసతిగృహములు సాలూరు మొదలైన చోట్ల వెలసినవి. వంద ఉపన్యాసములు చేయలేని పని ఒక్క వసతిగృహము చేయగలదు.

గర్భిణులకిచ్చెడి ఎఱ్ఱమాత్రల సంగతియు ఇట్టిదే. ఇవి మ్రింగిన బిడ్డ నల్లగా పుట్టునని కొందరు వానిని చూరులో దాచి, ఇంకను కొందరు పెరటిలో పారవేయుదురు. ఈ భయమునకును మూలము లేకపోలేదు. మాత్రలోని ఇనుములో శరీరము గ్రహింపగా మిగిలినది మలముతో వెలువడును. అందుచే మలము నల్లబడును. దానిని చూచిన తల్లి లోపలి బిడ్డయు నల్లబడుచున్నదని భయపడుట సహజము. బిడ్డ రంగు తల్లిదండ్రులనుండి వచ్చునది. మాత్రను కాఫీ, టీలతో పుచ్చుకొనరాదు. నిమ్మరసముతోనో, ఉసిరికాయతోనో పుచ్చుకొనిన ఇనుము చక్కగా వంటబట్టును.

ఆ మాత్రలో ఇనుముతో కూడ ఫోలిక్ ఆమ్లమును ఉన్నది. 1928 మొదలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్ అను వైద్యురాలు, ఈస్టు సారముతో అది కుదురుచున్నదని కనుగొన్నది. అందలి గుణద్రవ్యము ఏమో అప్పటికి తెలియలేదు. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసి చూపిన అమెరికా బృందమునకు నాయకుడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అను ప్రేగుల జబ్బువలన సోదరులను పోగొట్టుకొన్నవారాయన. ఒక తెలుగువాని శ్రమఫలము తెలుగు ఇంటి చూరులో బూజు పట్టుచున్నదనిన మాకు కొంచెము బాధ కలుగును.

అయినను రక్తహీనత యంతయు ఇనుము లోపమే యనుకొనుట మరియొక పొరపాటు. కొండజాతులలో కొందరికి పుట్టుకతోనే సికిల్ సెల్ వ్యాధి కలదు; అందు ఎఱ్ఱకణములు కొడవలివలె వంగిపోవును, కీళ్లు ఎముకలు విపరీతముగా నొచ్చును. గాలి సోకినదనియు, ఎవరో చేతబడి చేసినారనియు వీరిని భూతవైద్యుని యొద్దకు కొనిపోవుట కలదు. తల్లిదండ్రులలో ఒక్కరినుండియే ఈ లక్షణమును పొందినవారికి తీవ్రమైన మలేరియానుండి కొంత రక్షణ లభించును. అందుచేతనే జ్వరములు మెండుగానున్న చోట్ల ఇది తరతరములుగా నిలిచినది. ఇద్దరినుండియు పొందినవారికి మాత్రము వ్యాధి తప్పదు. దీనిని తుడిచివేయుటకై 2023లో దేశవ్యాప్తముగా ఒక పథకము మొదలైనది. పెండ్లికి ముందు జాతకములు చూచుకొనువారు ఈ రక్తపరీక్షయు చూచుకొనిన మేలు.

ముర్రుపాలను గూర్చి రెండు మాటలు. బిడ్డ పుట్టిన తొలిదినములలో వచ్చెడి చిక్కని పసుపుపచ్చని పాలు చెడ్డవని పిండి పారబోసి, తేనెయో పంచదార నీళ్లో నాలుకకు రాయుట నేటికిని కొన్ని ఇండ్లలో కలదు. పుట్టిన గంటలోపల తల్లిపాలే పట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రోగములనెదిర్చెడి పదార్థములు ఆ తొలిపాలలోనే మెండుగా నుండును. విచిత్రమేమనగా, ఆవు ఈనినదనిన జున్నుకొఱకు గిన్నె పట్టుకొని పొరుగింటికి పోయెడివారము మనమే. దూడ పాలు మనకు అమృతము, మన బిడ్డ పాలు మనకు విషము!

విరేచనములు పట్టుకొనిన బిడ్డకు నీరు మాన్పించుటయు ఇట్టి ఘోరమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని త్రాగించియే వేలమందిని కాపాడెను. పొట్లము దొరకనిచో, లీటరు కాచిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి కలుపవలెను. తల్లిపాలు ఆపరాదు.

ఇక చోళ్లు. ఇతర జిల్లాలలో రాగులనెడివానినే ఇచ్చట చోళ్లందురు. పోడు పొలములలో పండెడి ఈ ధాన్యము బీదవారి తిండియనియు, తెల్లని వరియన్నమే బలమనియు మనము చాలకాలము నమ్మితిమి. కొండవారికిని నమ్మకము కలిగించితిమి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలలో నూరు గ్రాముల రాగులలో సున్నము, అనగా కాల్షియము, సుమారు 364 మిల్లీగ్రాములు. పాలిషు పట్టిన బియ్యములో ఎనిమిదికి లోపే. ఇనుము రాగులలో నాలుగున్నర మిల్లీగ్రాములకు పైన, బియ్యములో ఒకటికి లోపు. రాగులలోని ఇనుమును పట్టియుంచెడి ఫైటేటు అను పదార్థము పులియబెట్టినప్పుడును మొలకెత్తించినప్పుడును కొంత తగ్గును. రాత్రి పులిసిన పిండితో అంబలి కాచెడి ఇల్లాలికి ఈ పేరు తెలియకపోయినను పని తెలిసియున్నది.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల వత్సరముగా జరిపిన పిమ్మట పట్టణములలో గాలి తిరిగినది. ఇప్పుడు రాగిజావ త్రాగిన మధుమేహము మాయమగునను క్రొత్త నమ్మకము పుట్టినది. మెత్తని పిండిగా విసరి జావ కాచిన రాగులును రక్తములో చక్కెరను పెంచును. డాక్టరు వ్రాసిన మందు మానరాదు.

సీతంపేట సంతలో అనాసపండ్ల ప్రక్కన చిన్న గంపలో చోళ్లు పెట్టుకొన్న ఒక సవర వృద్ధురాలిని, "అవ్వా, ఇంటిలో మీరును ఇవే తిందురా?" అని అడిగితిమి. ఆమె మా ముఖములవంక చూచి, "ఇవి తింటామని ఒకప్పుడు మమ్మల్ని చూసి మీరే నవ్వినారు గదా బాబూ. ఇప్పుడు మీరే ఏరుకుని కొనుక్కుపోతున్నారు. మా మనవలకు కోటా బియ్యమే అలవాటైపోయింది" అన్నది. మాకు సమాధానము తోచలేదు. మా సంచిలో అప్పటికే రెండు కిలోల చోళ్లున్నవి.