ఆట చూడటానికీ యాత్రే



యాత్ర అనగానే మనకు కాశీ, రామేశ్వరం గుర్తుకొస్తాయి. ఆట కోసం కూడా యాత్ర చేయవచ్చునని నా మనవి. గుల్మార్గ్ మంచు మీద స్కీయింగు, రిషీకేశ్ వద్ద గంగలో రాఫ్టింగు మన దేశంలోనివే. అంతదూరం మన మోకాళ్ళు ఒప్పుకోవు. కాని మనుబోలు నుంచి చెన్నై పూట ప్రయాణమే. 1986లో భారత్, ఆస్ట్రేలియాల టెస్టు ‘టై’ అయిన చేపాక్ అక్కడే ఉంది.

2022లో మహాబలిపురంలో చెస్ ఒలింపియాడ్ జరిగింది. వెళదాం తాతయ్యా అని మనవడు అడిగాడు. వృద్ధుల రైలు రాయితీ 2020 మార్చిలోనే ఆగిపోయింది. ఖర్చు లెక్క చూసుకుని, ‘ఈసారికి వద్దులేరా’ అన్నాను. ఆ పోటీ మన దేశానికి రావడం అదే మొదటిసారి. మన జట్లు రెండు కాంస్యాలు గెలిచాయి. మేము టీవీలో చూశాం.

మిత్రులారా, మీ మనవలు అడిగితే వాయిదా వేయకండి. సెలవు.