తొలి కారు
లైసెన్సు చేతికి రాగానే పిల్లలు కారు రంగును గూర్చి యోచింతురు; పెద్దలు ధరను గూర్చి. మేము మాత్రము మొదట తయారైన సంవత్సరమును చూడుడందుము. అది రిజిస్ట్రేషన్ పత్రముననే యుండును. మన దేశమున 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లన్నిటికిని ఏ.బి.ఎస్. తప్పనిసరి యయ్యెను. బ్రేకు గట్టిగా నొక్కినను చక్రములు బిగిసిపోకుండ కాపాడునది యదియే. చేయి తిరుగని వారు బెదరినపుడు బ్రేకు మీదనే గదా నిలువున త్రొక్కునది! ఆ జూలై నుండి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు, 2022 నుండి ముందు సీటున ప్రక్కవారికిని వచ్చెను. కావున చేతులు మారిన బండి కొనువారికి, అంతకు మునుపటి పెద్ద కారు కంటె ఆ పిదపటి ఆల్టోయో వ్యాగనారో మేలు.

ఇంజను చల్లగా నున్నపుడే స్టార్టు చేయించి వినవలెను. ముందే వేడిచేసి యుంచిన బండి తన రోగమును దాచుకొనును. పత్రమున బ్యాంకు అప్పు నమోదై యున్నచో, అది రద్దగు వరకు పూర్తి పైకము ఈయరాదు. మీ మెకానిక్కుకు చూపుటకు అమ్మువారు సమ్మతింపరేని, ఎంత చవుకయైనను ఆ బండిని విడిచి రావలసినదే.